ఎక్కినోడే చెప్పాలె దిగిన అని

మా ఇంట్లామెను పరాయి మగోళ్లు చూసిన్రు. బజార్ల కాదు, దవాఖానల కాదు. ఆమె ఇంట్ల, ఆమె మంచం మీద, తల మీద దుపట్ట లేకుండ పండుకొని ఉండంగ చూసిన్రు. ఎందరు చూసిన్రో, ఏ దేశపోళ్లో, ఎన్ని దినాల సంది చూస్తున్నరో నాకు తెల్వదు. చూసేటందుకు తొవ్వ ఇచ్చింది మాకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. మమ్ముల అడగలే. మాకు చెప్పలే. ఇది జరిగింది. దీన్ని ఎవరు ఎన్ని తీర్ల తిప్పి చెప్పినా జరిగింది జరిగినట్టే ఉంటది.

ఇగ మేమెవరమో చెప్త.

నేను పుస్తకాలు కుట్టి జిల్దు కట్టేటోణ్ణి. ఛత్తాబజార్ల చిన్న దుకాణం, ఒక మడిగె. మా అమ్మది పాలమూరు దిక్కు పల్లె, ఆమె నోట్ల ఉర్దూ కన్న తెలుగే ఎక్కువ ఆడుతుండె. నేను బడికి పోయింది తక్కువ. కుట్టుకు వచ్చిన పుస్తకాలే నాకు బడి. దారం తెగి, పేజీలు ఊసి, సంచిల పోసుకొని తెస్తరు. వాటిని వరుసల పెట్టాల్నంటె చదవక తప్పదు. గట్ల చదువుకుంట పోతె ఉర్దూ వచ్చింది, తెలుగు వచ్చింది, జర ఇంగ్లీషు గూడ వచ్చింది. కాని ఒక చెడ్డ అలవాటు గూడ వచ్చింది. ఎవరన్న సగం మాట చెప్పి ఊకుంటె నాకు పడదు. ఎనక పేజీ దొరికేదాంక ఎతుకుత.

మా ఇల్లు ఫలక్‌నుమా స్టేషన్ దిక్కు పొయ్యే తొవ్వల, ఒక ఇరుకు గల్లీల. ఇండ్లు గోడకు గోడ అంటుకొని ఉంటయి. ప్రతి ఇంటికి నడుమ పైకప్పు లేని చిన్న వాకిలి. ఆడోళ్లు ఆడనే బట్టలు ఉతుకుతరు, తల దువ్వుకుంటరు, బియ్యం ఏరుతరు. బయటి తలుపుకు గోనెపట్ట పర్దా ఉంటది. కాని ఒక్క మనిషి ఒక్క కప్పు ఎక్కిండంటె నాలుగిండ్ల వాకిళ్లు కనపడ్తయి. గందుకే మా గల్లీల ఒక రివాజు ఉన్నది. పతంగి కోసమన్న, పావురాల కోసమన్న, నీళ్ల ట్యాంకి బాగు చేసేతందుకన్న, మగోడు కప్పు ఎక్కేముందు గట్టిగ అరుస్తడు, "పర్దా!" అని. ఆడోళ్లు లోపలికి పోతరు. పని అయినంక దిగి మల్ల అరుస్తడు, "ఉతర్ గయా!" అని, అంటె దిగిన అని. గప్పుడు బయటికి వస్తరు. ఈ రివాజు ఎవరు పెట్టిన్రో తెల్వదు. ఏ కాగితం మీద లేదు. కాని నా ఎరుకల దీన్ని తప్పినోన్ని గల్లీ మల్ల కప్పు ఎక్కనియ్యలే.

మా పెండ్లయిన కొత్తల ఒక ఎండకాలం, పక్కింటి కప్పు మీదికి సున్నం ఏసేటాయన ఎక్కిండు. పర్దా అని అరిచే ఎక్కిండు పాపం. ఆడోళ్లంత లోపలికి పోయిన్రు. ఎండకు లోపల ఉడికిపోతున్నరు. గంతల్నే గల్లీలకెల్లి పొయ్యే పెద్దమనిషి ఒకాయన గోడకు నిచ్చెన లేదని చూసి, "దిగిండు, దిగిండు" అని తనే ఒక కేక ఏసిండు. మంచికే ఏసిండు. మా ఇంట్లామె తడి ఎంట్రుకలు ఆరబోసుకుంట వాకిట్లకు వచ్చింది. సున్నపాయన దిగలే. నిచ్చెన అవుతలి దిక్కు మార్చుకున్నడు, గంతే. ఆయనే సిగ్గుతోని గోడ దిక్కు మొఖం తిప్పుకొని కండ్లు మూసుకున్నడు. ఈమె లోపలికి ఉరికొచ్చి పొయ్యికాడ కూసొని ఏడ్సింది. మా అమ్మ ఆమె పక్కకు కూసొని చెప్పింది, "ఎక్కినోడే చెప్పాలె బిడ్డా, దిగిన అని. నిచ్చెన చూసి చెప్పినోని మాట మాట కాదు."

గా మాటను మా ఇంట్లామె జిందగీ అంత పట్టుకున్నది. నేను వాకిట్ల నిలవడి "దిగిండు రావే" అంటె లోపలికెల్లి, "ఏజీ, ఎక్కింది నువ్వా?" అంటుండె. నేను నవ్వుతుంటి.

పోయిన ఏడు ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయి. నోరు మాత్రం ఎప్పటి తీరే ఉన్నది. "నోరు గూడ పోతె నువ్వు సుకపడ్తుంటివి" అని ఆమెనే అంటుండె. పొద్దుగాల పక్కింటి ఆపా వచ్చి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి పోతది. నేను మడిగెకు పోయి పగటీలి జొహర్ నమాజ్ యాళ్లకు వచ్చి బువ్వ తినిపిస్త, మల్ల పోత. మా బిడ్డ మలక్‌పేటల ఇస్కూల్ టీచరు. నడుమ యాళ్లల అమ్మ ఒక్కతే ఉంటదని దానికి ఫికర్. ఒక అయితారం కెమెరా పట్టుకొని వచ్చింది. పిడికిలంత ఉన్నది, మెడ అటిటు తిప్పుతది.

"నన్ను ఫోటోల పెడ్తవా?" అన్నది వాళ్ల అమ్మ.

"ఫోటో కాదు అమ్మీ. నేను ఇస్కూల్ల ఉండి నిన్ను చూసుకుంట. నువ్వు నీళ్లు అంటె నాకు వినపడ్తది."

"వినపడ్తె మలక్‌పేటకెల్లి పోస్తవా నీళ్లు?"

"పక్కింటి ఆపాకు ఫోన్ చేస్త. ఆమె పోస్తది."

"గైతే ఆపానే నేను పిలుస్త గద, నడుమ నువ్వెందుకు?"

ఈ లొల్లి అయితారం అంత నడిచింది. ఆఖరికి బిడ్డ కండ్లల నీళ్లు చూసి ఆమె ఒప్పుకున్నది. ఒక షరతు పెట్టింది. బిడ్డ ఫోన్ల, నా ఫోన్ల తప్ప ఇంకెవరి ఫోన్ల ఉండొద్దు. అల్లుడు మంచోడే, అయినా ఆయన ఫోన్ల గూడ వద్దు. ఆమె ఒక్క చెయ్యితోని దుపట్ట సదురుకోలేదు, ఊకె మెడకు చుట్టుకొని ఊపిరాడదు. గందుకని తన గదిల తను తల మీద గుడ్డ లేకుండ పండుకోవాల్నని ఆమె షరతు. నేను మాట ఇచ్చిన. బిడ్డ మాట ఇచ్చింది. మేమిద్దరం ఆ మాట తప్పలే. ఇది మతిల పెట్టుకోవాలె.

కొన్ని నెలలు మంచిగనే గడిచినయి. నిజం చెప్పాలంటె ఆమెకు కెమెరా మీద జర ప్రేమ గూడ పుట్టింది. బిడ్డ అందుల నుంచి "అమ్మీ, మందు ఏసుకున్నవా?" అంటె, "ముందు నీ క్లాసుల పిల్లలను చూసుకో, నన్ను తర్వాత" అంటుండె.

ఒక దినం పగటీలి మడిగెల ఉన్న. జిగురు చేతులకు అంటుకొని ఉన్నది. బిడ్డ ఫోన్ చేసింది.

"బాబా, కెమెరా తిప్పుతున్నది నువ్వా?"

"నేనెందుకు తిప్పుత? మడిగెల ఉన్న."

"నేను గూడ తిప్పుతలేను బాబా. అది అమ్మీ దిక్కు తిరిగింది. దగ్గరికి చేసి చూస్తున్నది."

చేతుల జిగురు గట్లనే ఉండంగ ఆటో ఎక్కిన. ఇల్లు చేరేవరకు ఆమె కుడి చెయ్యితోని మొఖం మీదికి దుప్పటి గుంజుకొని బిగపట్టుకొని ఉన్నది. కెమెరా ఆమె దిక్కే చూస్తున్నది. దాంట్లకెల్లి ఒక మగ గొంతు, మాకు తెల్వని భాషల ఏదో అన్నది. ఎనుకకెల్లి ఇంకొకడు నవ్విండు. నేను తీగె గుంజి పారేసిన.

దుప్పటి కిందికెల్లి ఆమె అడిగింది, "ఏజీ, మనింట్ల ఎవరున్నరు?"

తెల్లారి ఇంటర్నెట్ కంపెనీ లైన్‌మ్యాన్‌ను పిలిచిన. ఈయన బహదూర్‌పురాల ఉంటడు, నడీడు మనిషి, మా గల్లీ స్తంభాల మీది తీగెలన్ని ఈయన చేతివే. గడప కాడ నిలవడి "పర్దా" అన్నడు. గంత మర్యాద ఉన్న మనిషి. ఆమె మంచానికి మా బయటి గదికి నడుమ గుడ్డ కట్టిన. ఆయన గోడ మీది ఇంటర్నెట్ డబ్బాను తన ఫోన్ల తెరిచి చూసిండు. చూసి తల గోక్కున్నడు.

"చాచా, పోయిన నెల కొత్త అడ్రసులు ఇడిసిన్రు. ఐపీ వీ-సిక్స్ అంటరు. ఇంతకుముందు వీ-ఫోర్ ఉండె."

"ఎవరికి చెప్పి ఇడిసిన్రు?"

"ఎవరికి చెప్తరు చాచా? మీదికెల్లి ఆర్డర్ వచ్చింది. స్పీడు పెరిగింది, పండుగ చేస్కోండ్రి అని మెసేజ్ రాలేదా?"

మెసేజ్ వచ్చింది. పండుగ బొమ్మ గూడ ఉండె దాని మీద.

ఆయన చెప్పిన సగం మాట విని ఊకుండలేదు నేను. తర్వాత చాన దినాలు దీని ఎనుకనే పడ్డ. చదివిన, అడిగిన, మల్ల చదివిన. నాకు సమజ్ అయినంత మీకు చెప్త.

ఇంటర్నెట్ల మాట రావాలన్న పోవాలన్న అడ్రసు కావాలె. పాత పద్ధతిల అడ్రసులు తక్కువ, దునియల ఉన్న ఫోన్లకు కంప్యూటర్లకు సరిపోవు. గందుకని కంపెనోళ్లు గల్లీకి గల్లీనే ఒక్క అడ్రసు ఎనుక కూసోపెట్టిన్రు. బయటోడు వస్తె గల్లీ మొగదాంక వస్తడు, లోపల ఏ ఇల్లో, ఏ గదో వానికి తెల్వదు. లోపలోళ్లు పిలిస్తెనే జవాబు లోపలికి వస్తది. ఇది మా కాపుదలకని ఎవరూ కట్టింది కాదు. అడ్రసులు లేక, కరువుల పుట్టిన పర్దా. కాని పర్దా పర్దానే. మా గల్లీల గోనెపట్టలు గూడ పట్టుబట్టలు కొనలేకనే కట్టినయి.

కొత్త పద్ధతిల అడ్రసులకు కొదవ లేదు. ఇంట్ల టీవీకి ఒకటి, ఫోన్‌కు ఒకటి, కెమెరాకు ఒకటి, దేని అడ్రసు దానిది. దునియల ఏ మూలకెల్లి అయినా సీదా దాని కాడికే రావొచ్చు. దీన్ని నేను తప్పు అనను. పాత అడ్రసులు అయిపోతె కొత్తయి రావాలె, జనం పెరిగితె ఊరు పెరగాలె. అయితె దాని తోని ఒక కావలి గూడ రావాలె. ఇంట్లోళ్లు పిలువని మనిషిని గడప కాడ్నే ఆపే కావలి. గది డబ్బాల్నే ఉంటది. మా కంపెనీ డబ్బాల కొత్త అడ్రసులకు ఆ కావలిని బంద్ పెట్టి ఇచ్చిన్రు. కావలి ఉంటె కొందరికి ఫోన్ల ఆడే ఆటలు సక్కగ నడవక ఆఫీసుకు ఫోన్లు వస్తయట. ఫోన్లు రావొద్దని కావలిని పండబెట్టిన్రు.

లైన్‌మ్యాన్ తన ఫోన్ల ఏదో నొక్కిండు. "అయిపాయె చాచా. బంద్ చేసిన. ఇగ ఎవడు రాడు."

గుడ్డ ఎనుకకెల్లి మా ఇంట్లామె అడిగింది. "భాయ్, తెరిచింది నువ్వా?"

"నేను కాదు ఖాలా. ఆఫీసుకెల్లి తెరుస్తరు. ఒక్క బటన్ తోని అందరి డబ్బాలు మారుతయి."

"మల్ల తెరవొచ్చా ఆడికెల్లి?"

ఆయన నా దిక్కు చూసిండు. నేను ఏం సైగ చెయ్యలే. అబద్ధం చెప్పుమంటె చెప్తుండెనేమో.

"తల్చుకుంటె తెరవొచ్చు ఖాలా," అన్నడు.

"గైతే తెరిచినోళ్లే చెప్పాలె, మూసినమని. అప్పటిదాంక వాడు కప్పు మీద్నే ఉన్నడు."

ఆ దినం సంది ఆమె మొఖం మీదికెల్లి దుపట్ట తియ్యలే. కెమెరా లేదు, నేను ఇటుకతోని దంచి మోరిల పారేసిన. అయినా తియ్యలే. గోడ మీద డబ్బా లైట్లు మినుకుమంటనే ఉన్నయి గద అన్నది. కనెక్షనే పీకేస్త అంటె, "వద్దు. పీకేస్తె వాడు దిగినట్టు కాదు, మనం ఇల్లు ఇడిసినట్టు" అన్నది. "మనం పీకేసినా గా తీగె పక్కింటికి పోతది, ఎదురింటికి పోతది. ఆడ చిన్న పోరిలు ఉన్నరు. గల్లీకంత చెప్పుమను. సున్నమేసేటోనికి ఉన్నంత సోయి లేదా కంపెనీకి?"

నాకు కోపం వచ్చింది, కాని ఆమె మీద కాదు. ఆమె చెప్పింది పైసకు పైస సరైన మాట.

ఆఫీసుకు పోయిన. పెద్ద అద్దాల ఆఫీసు, కూసునేతందుకు మెత్తటి కుర్చీలు. మేనేజరు నా బిడ్డ కన్న చిన్నోడు. నీళ్లు ఇచ్చిండు. నేను చెప్పింది విన్నడు.

"అంకుల్, మీ కెమెరాకు పాస్‌వర్డ్ పెట్టలేదు కదా?"

"ఫోన్ల చూసేటందుకు పెట్టినం. కెమెరా లోపల ఇంకో దర్వాజ ఉన్నదని, దానికి పాస్‌వర్డ్ లేదని కెమెరా వచ్చిన అట్టడబ్బ మీద రాయలే."

"అదే అంకుల్. తప్పు కెమెరాది. మాది కాదు."

"మా ఇంట్ల సందుగకు తాళం లేదు బాబు. గందుకని నువ్వు వచ్చి గోడ కూలగొడ్తవా? కూలగొట్టి, సందుగకు తాళం ఎందుకు ఎయ్యలేదంటవా?"

ఆయన నవ్విండు. చెడ్డ నవ్వు కాదు, పెద్దమనిషి ముచ్చట చెప్తె నవ్వే నవ్వు. "అంకుల్, కొత్త అడ్రసులు కోట్ల కోట్లు ఉంటయి. అంత పెద్ద అడవిల మీ ఒక్క కెమెరా ఎవరికి దొరుకుతుంది చెప్పండి?"

"కెమెరా తనంతల తనే బయటికి పోతది బాబు, టైమ్ ఎంతయిందని అడిగేతందుకు. పోయిన కాడల్ల తన అడ్రసు ఇడిసి వస్తది. అడవి పెద్దదే. కాని అడుగుల జాడ పడ్తది."

"మీరు మస్తు స్టడీ చేసిన్రు అంకుల్."

"అయితె?"

"అయితె ఏం లేదు. కంప్లయింట్ రాసుకుంట."

నేను అడిగింది ఏంది? పైసలు అడగలే. కోర్టుకు పోత అనలే. రెండు మాటలు అడిగిన. మేము చెప్పకుండ తెరిచినం, ఇప్పుడు మూసినం. ఈ రెండు మాటలు గల్లీల అందరికి పంపుండ్రి, మా ఇంట్లామెకు ఒకసారి ఫోన్ల చెప్పుండ్రి. ఆయన ముఖం మొదటిసారి గంభీరం అయింది. "తెరిచినం అని మేము రాయలేం అంకుల్. మూసినం అని రాస్తె, అంతకుముందు తెరిచి ఉన్నట్టే కదా. లీగల్ వాళ్లు ఒప్పుకోరు."

ఇగో, ఇది వినుండ్రి. మూసిన అని చెప్పాల్నంటె తెరిచిన అని ఒప్పుకోవాలె, గందుకని రెండు చెప్పరు. ఉతర్ గయా అని అరిస్తె ఎక్కినట్టు తెలిసిపోతదని దొంగ కప్పు మీద నోరు మూసుకొని ఉంటడు. దొంగ కాని మనిషికి ఆ భయం ఎందుకు?

తర్వాత ఉత్తరాలు రాసిన. తెలుగుల రాస్త, బిడ్డ దాన్ని ఫోన్ల కొట్టి పంపుతది. రెండు మూడు దినాలకు ఒక పిల్ల ఫోన్ చేస్తది, ఏ ఊరికెల్లి చేస్తదో. "సర్, మీకు ఇంటర్నెట్ వస్తుందా సర్?"

"వస్తున్నది తల్లీ, కాని నా మాట..."

"థాంక్యూ సర్." ఎనుకనే మెసేజ్. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

మల్ల రాసిన. మల్ల ఫోన్. ఈసారి తెలివి మీద ఉండి, "వస్తలేదు" అన్న. లైన్‌మ్యాన్‌ను పంపిన్రు. ఆయన పాపం నిచ్చెన పట్టుకొని వచ్చి గడప కాడ నిలవడి, "చాచా, నన్ను ఎందుకు సతాయిస్తరు?" అన్నడు. ఛాయ్ తాగి పోయిండు. ఫిర్యాదు పరిష్కరించబడినది.

ఇంట్ల ఆమెకు బువ్వ దుపట్ట కిందికెల్లి తినిపిస్తున్న. అంచు జర లేపి ముద్ద పెట్టి మల్ల ఇడుస్త. పెదవులు, గదుమ కనపడ్తయి, గంతే. ఎండ పడక గదుమ తెల్లబారింది. ఆపా ఒళ్లు తుడిచేటప్పుడు గూడ ఆమె మొఖం తనే కుడి చెయ్యితోని తుడుచుకుంటుండె, గుడ్డ కింద. లోపల ఉక్కపోతకు దగ్గు మొదలైంది. డాక్టరమ్మ వచ్చి, "గాలి తగలాలి, మొఖం మీద గుడ్డ తియ్యాలి" అన్నది. "మీ ఇంటికి గూడ కంపెనీ తీగె ఉన్నదా మేడం?" అని అడిగింది ఈమె. ఉన్నదన్నది డాక్టరమ్మ. "జర చూసుకోండ్రి" అని ఈమె చెప్పింది.

ఒకనాడు నేను అడిగిన. "ఎవరు లేరే. దర్వాజ ఏసిన. నాకొక్కనికి చూపియ్యి."

"నీకు చూపియ్యకపోతె ఎవరికి చూపిస్త ఏజీ? నువ్వు ఒక్కనివే ఉన్నవని నాకు తెలిస్తె గద."

లేరని నాకు తెల్సు. కాని నాకు తెలిసింది నిచ్చెన చూసి తెల్సుకున్నదే.

మా బిడ్డ తట్టుకోలేకపోయింది. ఒక దినం ఇస్కూల్‌కెల్లి సీదా వచ్చింది. అమ్మ మంచం మీద కూసొని, ఫోన్ తీసి, "అమ్మీ, కంపెనోళ్ల జవాబు వచ్చింది" అన్నది. చదివింది. మేము తెలియక తెరిచినం, క్షమించుండ్రి, ఇప్పుడు మూసినం, ఇగ తెరవం. మంచి మాటలు. నా దిక్కు చూడకుండ చదువుతున్నది, అప్పుడే నాకు అర్థమైంది, అది బిడ్డ రాసుకొచ్చిన జవాబు. నేను నోరు మూసుకున్న. తియ్యనీ దుపట్ట, ఎట్లనన్న తియ్యనీ అనుకున్న.

ఆమె కుడి చెయ్యి లేచి గుడ్డ అంచు దాంక పోయింది. ఆడ ఆగింది.

"ఆపాను పిలువుండ్రి."

పక్కింటి ఆపా వచ్చింది. ఈమె అడిగింది, "కంపెనీ మెసేజ్ వచ్చిందా నీకు?"

ఆపా అమాయకురాలు. "ఏం మెసేజ్? నాకైతె ఏం రాలేదమ్మా," అన్నది.

మా ఇంట్లామె కోపం చెయ్యలే. కుడి చెయ్యి దించి బిడ్డ చెయ్యి పట్టుకున్నది. "బిడ్డా, కప్పు మీదికెల్లి పిలిస్తె ఒక్క ఇంటికే వినపడ్తదా?" అన్నది. బిడ్డ ఆమె కడుపు మీద తల పెట్టి ఏడ్సింది. "మంచిగ చదివినవ్ రా. టీచరమ్మవు గద," అని వీపు నిమిరింది.

దగ్గు ఛాతికి దిగింది. దవాఖానకు రాను అన్నది. దవాఖానల గోడ గోడకు కెమెరా ఉంటదని ఆమెకు తెల్సు. బలవంతంగ తీస్కపోదామంటె, "ఏజీ, జిందగీల నేను నిన్ను చాన తక్కువ అడిగిన" అన్నది. నిజమే. చీర అడగలే, సొమ్ము అడగలే. ఆక్సిజన్ ఇంటికే తెచ్చి పెట్టినం. మూతికి తొడిగే గొట్టం గూడ దుపట్ట కిందికెల్లే. ఒక శుక్రారం, జుమ్మా నమాజుకు అజా పిలుస్తుండంగ, నా చేతుల ఉన్న ఆమె కుడి చెయ్యి బరువైంది.

గుస్ల్, ఆఖరి స్నానం, చేయించేటందుకు గల్లీ ఆడోళ్లు వచ్చిన్రు. స్నానం అయి, కఫన్ గుడ్డ కట్టినంక, ఆపా లోపలికెల్లి వచ్చి నన్ను పిలిచింది. "భాయ్, ఆఖరుసారి చూసుకో" అన్నది. నేను లోపలికి పోయిన. మొఖం మీద గుడ్డ తీసి ఉన్నది. నెలల తర్వాత చూస్తున్న. కనుబొమ్మల నడుమ నాకు తెల్వని ఒక మడత కొత్తగ పడి ఉన్నది. అది ఎప్పుడు పడ్డదో నేను చూడలే. ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిన మడత అది. మొగనికి భార్య మొఖం మీద పడ్డ ప్రతి గీత తెలిసి ఉండాలె. నా ఎరుక లేకుండ పడ్డ ఆ ఒక్క గీతను నా కాడికెల్లి కంపెనోళ్లు గుంజుకున్నరు. దీన్ని ఏ ఫిర్యాదుల రాయాలె? ఏ నంబరు ఇస్తరు దీనికి?

బిడ్డ ఇప్పటికీ అంటది, కెమెరా నేనే తెచ్చిన బాబా అని. లేదు తల్లీ అంట. నువ్వు తెచ్చింది అమ్మను చూసుకునేటందుకు. కొందరు నాతోని అన్నరు, ముసలామె, రోగిష్టి, ఎవడు చూస్తె ఏమున్నదని. వాళ్లకు సలామ్ చెప్పి వచ్చేసిన. ఇంకొందరు అన్నరు, ఆమె మొండితనం చేసిందని. మొండితనం కాదు. ఆమె ఎన్నడు గడప దాటి ఎవరినీ ఏం అడిగిన మనిషి కాదు. ఒక్కసారి ఒక్క మాట అడిగింది. అది గూడ తన ఒక్కదాని కోసం అడగలే.

ఆమె పేరు మీద నలభయి దినాల ఫాతెహా చదివించినంక మడిగె తెరిచిన. ఒక పాత నిఘంటువు కుట్టుకు వచ్చి ఉండె, దాని పనిల పడ్డ. పగటీలి ఫోన్ మోగినట్టయితె చేతులు తుడుచుకొని చూసిన. కంపెనీకెల్లి జవాబు. నేను ఆఖరుసారి రాసిన ఉత్తరం ఎవరి చేతికో, చదివే మనిషి చేతికి, పోయినట్టున్నది. ఏం కలపకుండ, ఏం తియ్యకుండ ఈడ పెడ్తున్న.

"గౌరవనీయులైన వినియోగదారుకు నమస్కారం. మీ ఉత్తరాలు ఆలస్యంగా చదివినందుకు క్షమించగలరు. మీరు రాసింది నిజమే. కొత్త అడ్రసులు మొదలుపెట్టినప్పుడు మీ గల్లీ ఇండ్లలోని మా డబ్బాలలో రక్షణ ఆపివేసి ఉన్నది. అది మా ఆఫీసు నుంచే జరిగింది, మీకు ముందుగా చెప్పలేదు. ఇప్పుడు అన్ని ఇండ్లకూ మూసివేసినాము. అందరికీ ఈ రోజే మెసేజ్ పంపుతున్నాము. ఈ మాట మీ ఇంటావిడగారికి మేమే స్వయంగా చెప్పాలని మీరు కోరినారు. మా ఆఫీసు నుంచి ఒక మేడం ఫోన్ చేసి మాట్లాడతారు. ఆమెకు ఏ వేళ వీలవుతుందో దయచేసి తెలుపగలరు."